రంగు వేసిన పగులు

జూన్ 3, మంగళవారం

అడిగిందే అడుగుతున్నానని దుర్గ ఈ డైరీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "గ్యాస్ కట్టేశామా, తలుపు వేశామా, మీ అబ్బాయి చేరారా, అన్నీ ఇందులో రాసుకోండి అత్తయ్యా. నన్ను మాత్రం కాస్త వదిలెయ్యండి" అంది. నవ్వుతూనే అందిలే. కోడలు మంచిదే.

నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే ఉంటాయి. చూసేవాళ్ళెవరు?

ఈరోజు రాయాల్సింది ఒకటే. మా అబ్బాయి హేమసుందర్ కారు చక్రాలు మార్చేశాడు. నిక్షేపంలాంటి ఇనుప చక్రాలు ఆటోనగర్లో ఎవరికో ఇచ్చేసి, అలాయ్ వీల్స్ అట, సెకండ్ హ్యాండువి, బిగించుకొచ్చాడు. వెండిలాగా మెరుస్తున్నాయి. కృష్ణలంకలో మా సందు సందంతా బయటికొచ్చి చూసింది.

"ఇనుపవాటికి ఏం రోగం వచ్చిందిరా?" అన్నాను.

"రోగం కాదమ్మా, లుక్కు. పెళ్ళిళ్ళవాళ్ళు ఫొటో చూసి బండి బుక్ చేస్తున్నారు."

"వీటిని వాడినవాడు ఎందుకు తీసేశాడు?"

"నువ్వు మార్కెట్లో చేపని కూడా ఇన్ని ప్రశ్నలు అడిగుండవు."

ఎందుకు అడగలేదు! మొప్ప ఎత్తి చూడకుండా ఒక్క చేప కొనలేదు నేను, చూపించకుండా ఒక్క చేప అమ్మలేదు. చక్రానికి మొప్పలుండవు. అదే వచ్చిన చిక్కు.

జూన్ 4, బుధవారం

గ్యాస్ కట్టేశాను.

జూన్ 6, శుక్రవారం

హేమసుందర్ రోజూ నలుగురు టీచరమ్మల్ని మైలవరం దగ్గర స్కూలుకి తీసుకెళ్ళి, సాయంత్రం తీసుకొస్తాడు. పెళ్ళి బుకింగులు వస్తాయి, పోతాయి. ఇల్లు గడిచేది ఈ టీచరమ్మల మీదే. సెలవుల్లో కూడా పిల్లల్ని చేర్పించే పనంటూ వాళ్ళని తిప్పుతూనే ఉన్నారు. వాళ్ళలో హెప్సిబా అనే అమ్మాయి కడుపుతో ఉంది. నెలలు నిండుతున్నాయి. కారు దిగి మరీ వచ్చి నాకు మామిడిపళ్ళు ఇచ్చింది. "మామ్మగారూ, మీ అబ్బాయి బండిలో పడుకుంటే మా ఇంట్లో పడుకున్నట్టే ఉంటుందండి, కుదుపే తెలీదు" అంది.

బాగుంది అని పైకి అనకూడదు. ఆ పిల్లకి తెలీదు, చిన్నది.

వాళ్ళు వెళ్ళాక హేమసుందర్‌కి రెండుసార్లు ఫోన్ చేశాను. రెండోసారి ఎత్తి, "అమ్మా, నీ ఫోన్ ఎత్తబోయే ఏదో ఒకటి అవుతుంది, ఆపు" అన్నాడు. అట్లాంటి మాట అనొచ్చా? నోటికి అడ్డూ ఆపూ లేదు.

జూన్ 8, ఆదివారం

ఎడమవైపు ముందు చక్రంలో గాలి మళ్ళీ దిగిపోయింది. చక్రాలు మార్చిన మర్నాటి నుంచీ ఇదే వరస. పొద్దున్నే బంకుకి పోవడం, గాలి కొట్టించుకోవడం. ఇనుప చక్రాలున్నప్పుడు గాలి ఊసే లేదు. పంక్చర్ షాపులో చూపిస్తే టైర్లో మేకూ లేదు, ముల్లూ లేదన్నారట.

మేకు లేకుండా గాలి పోయిందంటే ఏమిటో నాకు తెలుసు. ఆ వెండి మెరుపు చూసి ఎన్ని కళ్ళు పడ్డాయో! చివరింటావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి మరీ చూసింది.

పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేశాను. కారు చుట్టూ మూడుసార్లు తిప్పి ఆ చక్రం మీదే పోశాను. కాసేపాగి దుర్గ పైపు పెట్టి కడిగింది. ఎరుపంతా పోయింది. చక్రం అంచున ఒక్కచోట మాత్రం సన్నగా, వెంట్రుకలాగా, ఎర్రగీత ఉండిపోయింది. గుడ్డ పెట్టి తుడిచినా పోలేదు.

చూశారా! దిష్టి ఎంత గట్టిదో కంటికే కనిపించింది. అది పట్టుకున్నచోట తేలింది. ప్రాణం తేలికపడింది.

జూన్ 10, మంగళవారం

గాలి సంగతి హేమసుందర్ ఏమీ అనలేదు. అనలేదంటే దిగలేదనే. దిగితే అనడూ?

నేనూ అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

ఇవాళ పొద్దున బంకుకే పోయాడని తెలిసింది. రోజూ పోతూనే ఉన్నాడట. నాకు చెప్పొద్దన్నాడట దుర్గతో, నాకు బీపీ అని. నాకు బీపీ వచ్చిందే చెప్పకపోవడం వల్ల.

మళ్ళీ ఎర్రనీళ్ళు పోశాను. కడిగాక గీత ఇంకా పొడుగు వచ్చింది. మొన్న గోరంత, ఇవాళ వేలంత. ఇంకా బయటికొస్తోందన్నమాట. రానీ. లోపల ఉండటం కంటే బయటికి రావడమే మంచిది కదా.

జూన్ 15, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బట్టలు ఆరేయడానికి దుర్గ బయటికొచ్చింది. నేను చక్రం దగ్గర కూర్చుని గీత ఎంతవరకూ వచ్చిందో చూసుకుంటున్నాను. "ఏంటత్తయ్యా అక్కడ?" అంటూ వంగింది. గీత మీద గోరు పెట్టి లాగింది. గోరు ఆగింది.

"అత్తయ్యా, ఇది మరక కాదు. గోరు దిగుతోంది చూడండి."

"దిష్టి..."

"దిష్టి కాదండీ. పగులు."

బట్టల సబ్బు నురగ తెచ్చి అక్కడ రాసింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నురగలో ఒక బుడగ లేచింది. పగిలింది. ఇంకోటి లేచింది. తొట్లో చేప ఊపిరి వదిలినట్టు, ఒకదాని వెనక ఒకటి. గాలి అక్కణ్ణించే పోతోంది. పగుల్లోకి దిగిన ఎర్రనీళ్ళు అక్కడే ఉండిపోయాయి, దాన్ని నేను దిష్టి అనుకున్నాను. పగులు పెరుగుతుంటే మంచిదే అనుకుంటూ కూర్చున్నాను! ఈ వారమంతా ఆ పిల్ల హెప్సిబా దీని మీదే మైలవరం వెళ్ళొచ్చింది. నిద్రపోతూ.

హేమసుందర్ వచ్చి చూశాడు. ముందు "సన్న గీతేగా" అన్నాడు. తరవాత టార్చి పట్టుకుని కారు కింద దూరాడు. లోపలివైపు పాత అతుకు కనిపించిందట. దాని మీద రంగు. అంటే మాకు అమ్మేనాటికే ఇది ఒకసారి పగిలింది. అతికి, రంగేసి, కొత్త పెళ్ళికూతుర్లా నిలబెట్టి మాకు అంటగట్టారు.

దాని బదులు స్టెప్నీ చక్రం బిగించాడు. రేపు ఆటోనగర్. నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. ముందే ఎక్కి కూర్చుంటాను.

జూన్ 16, సోమవారం

టీచరమ్మల్ని వేరే బండిలో పంపించి మేం ఆటోనగర్ వెళ్ళాం. ఎక్కడ చూసినా చక్రాలే. దండలు గుచ్చినట్టు గోడలకి వేలాడదీశారు. షాపాయన పేరు రామకోటేశ్వరరావు. నుదుట బొట్టు, మెళ్ళో గొలుసు, మాట తేనె.

చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీరేం వ్యాపారమండీ?" అన్నాడు.

"ట్రావెల్స్ అండీ" అన్నాడు మావాడు.

"అదిగాదు, ఇంతకుముందు. అమ్మగారిది?"

"చేపలు" అన్నాను నేను.

"అదీ సంగతి! చేపల నీళ్ళు తగిలితే అలాయ్ తినేస్తుందండీ. ఉప్పు కదా. మీరు బండిలో చేపలేసుంటారు."

నా ఒళ్ళు మండిపోయింది. ఎదటివాడి తప్పు ఎక్కడుందా అని వెతికితే నా బుట్ట దొరికింది ఆయనకి! "నాయనా, నేను చేపలు మానేసి చాలా కాలమైంది. ఆ కారులో చేప ముల్లు కూడా ఎక్కలేదు. సరే, ఎక్కిందే అనుకో. లోపలివైపు ఆ అతుకు ఏ చేప పెట్టింది?" అన్నాను.

పక్క షాపువాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మామ్మగారు గట్టివారే" అని, గోడ మీద నుంచి అలాంటిదే ఇంకోటి తీయించి, "మాట రాకూడదండీ మనకి, తీసుకెళ్ళండి" అన్నాడు. పావుగంటలో బిగించేశారు. హేమసుందర్ మొహం వికసించింది.

అయిపోయిందనే అనుకున్నాను. చెప్పులేసుకుంటూ వెనక్కి చూస్తే, మా పగిలిన చక్రాన్ని తీసుకెళ్ళి వెల్డింగు చేసే మనిషి ముందు పడేశారు. అతను కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాడు.

"అదేంటండీ, దాన్ని తుక్కులో వెయ్యరా?"

"తుక్కెందుకు మామ్మగారూ? కాస్త అతుకేసి రంగు కొడితే రేపటికి కొత్తదే."

"రేపు ఎవరికిస్తారు?"

"ఎవరికో ఒకరికి. మీకు కాదులెండి."

మీకు కాదులెండి! ఆ మాట నాకు మంచి చేస్తున్నట్టే అన్నాడు. నేను ఇంకా ఏదో అనబోతుంటే హేమసుందర్ మోచెయ్యి పట్టుకుని లాగాడు. "మనకి మంచిది ఇచ్చాడు కదమ్మా. పద."

వచ్చేశాను.

జూన్ 17, మంగళవారం

ఎవరికో ఒకరికి, అన్నాడు.

అన్నం సయించలేదు.

జూన్ 18, బుధవారం

హేమసుందర్‌తో గొడవ.

"మన బండి బాగుపడింది. ఊళ్ళో బళ్ళన్నీ నువ్వే చూసుకుంటావా?" అంటాడు.

"దిష్టినీళ్ళు కూడలిలో పారబోసినట్టు మన పగులు తీసుకెళ్ళి ఊరి మీద పోసొచ్చాంరా. తొక్కేవాడు ఎవడో!"

"అది ఆయన పాపం."

"చూసిందెవరు? మనం. తెలిసిందెవరికి? మనకి. కొనేవాడికి తెలీదు కదా. పాడైన చేపని నేను పక్కనోళ్ళ బుట్టలో వేసి ఇంటికొచ్చానా ఏనాడైనా? గొయ్యి తీసి ఉప్పేసి పాతేదాన్ని. పిల్లి కూడా తవ్వకుండా రాయి పెట్టేదాన్ని."

"చేప వేరు, చక్రం వేరు."

"అవును, వేరే. పాడైన చేప కంపు కొడుతుంది. ఆ చక్రానికి రంగేశారు."

దుర్గ మధ్యలో కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా, "అత్తయ్య చెప్పింది అబద్ధమైతే కాదు" అంది. వాడు అన్నం సగంలో లేచాడు. లేస్తే లేవనీ. నాకు కోపం వాడి మీద కాదు. కాదు అనుకుంటున్నాను. వాడి మీద కూడా ఉంది.

ఇప్పటికి రంగు ఆరిపోయుంటుంది.

జూన్ 19, గురువారం

రోడ్డు మీద వెండి చక్రాల బండి ఏది పోయినా మా చక్రం దానికే వేశారేమో అనిపిస్తోంది. కళ్ళన్నీ కార్ల చక్రాల మీదే, స్కూటర్లవైపు చూడటం మానేశాను. పాల కోసం వెళ్ళి కాలవ వంతెన మీద నిలబడిపోయానట. పాలు తేలేదు.

జూన్ 20, శుక్రవారం

హేమసుందర్ మైలవరం వెళ్ళాక ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాను. గుడికెళ్తున్నానని దుర్గకి చెప్పాను. ఆటో గుడి ముందు నుంచి వెళ్ళలేదు, అయినా దణ్ణం పెట్టుకున్నాను.

షాపులో ఒక కుర్రాడు చక్రాలు చూస్తున్నాడు. పేరు ఫిన్నీ అట, మంగళగిరిలో బట్టల షాపు. కొత్తగా పెళ్ళయిందని మాటల్లో తెలిసింది. కింద వరసగా నాలుగు పరిచి ఉన్నాయి, నల్లరంగువి, నిగనిగలాడుతూ. మాది వెండిరంగు. ఏది మాదో నాకేం తెలుస్తుంది? వెల్డింగు చేసే అతని వైపు చూశాను. అతను నన్ను గుర్తుపట్టి, తలొంచుకుని, కాలి బొటనవేలితో చివరిదాన్ని చూపించాడు.

వెళ్ళి దాని మీద కూర్చున్నాను.

"ఏంటి మామ్మగారూ, అక్కడ కూర్చున్నారు? కుర్చీ వేయిస్తాను" అన్నాడు రామకోటేశ్వరరావు.

"ఇది బాగుంది. గట్టిదనేగా అమ్ముతున్నారు."

ఫిన్నీ నన్నూ ఆయన్నీ చూస్తున్నాడు. "బాబూ" అన్నాను, "ఇది మొన్న సోమవారం దాకా మా అబ్బాయి బండికుంది. పగిలితే తెచ్చి ఇచ్చాం. అంతకుముందే ఒకసారి పగిలి అతికిందిది. ఇప్పుడు నల్లరంగేశారు."

"ఆవిడకి మతి సరిగా లేదండీ, పెద్దావిడ. మీరు ఇటు రండి" అన్నాడు రామకోటేశ్వరరావు.

"మతి లేదంటావా? సరే. అంత మంచి చక్రమైతే నీ కారుకి వేసుకో. అదుగో, షాపు ముందున్నది నీ కారేగా? దానికి బిగించు, నేను లేచి పోతాను."

ఏదో నోటికొచ్చింది అన్నాను, అంతే. కానీ అప్పుడు అందరం ఆ కారు వైపు తిరిగి చూశాం. దానికి ఉన్నవి ఇనుప చక్రాలు. నాలుక్కి నాలుగూ నల్లటి, మోటు, పాతకాలపు ఇనుప చక్రాలు!

ఊరంతటికీ మెరుపులు అమ్మే మనిషి తను మాత్రం ఇనుము మీద తిరుగుతున్నాడు.

ఫిన్నీ గట్టిగా నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు. "ఏంటండీ రామకోటేశ్వరరావుగారూ, మీకు లుక్కు అక్కర్లేదా?" అన్నాడు.

"అది... ఊళ్ళోకి తిరగడానికి..."

"మాది ఊరవతలకా?"

జనం పోగయ్యారు. రామకోటేశ్వరరావు తేనె అయిపోయింది. "తీసుకుపోవే ముసలిదానా! ఆ దరిద్రం తీసుకునే పో! మళ్ళీ నా షాపు మెట్టెక్కావంటే..." అని చక్రాన్ని కాలితో తన్నాడు. నేను ఇంకా దాని మీదే ఉన్నాను. నడుం కలుక్కుమంది. ఆ మాట మా ఇంట్లో చెప్పలేదు.

ఫిన్నీ చక్రాన్ని ఆటోలో పెట్టించాడు. నన్ను ఎక్కించి, "మామ్మగారూ, ఒకటి అడగనా? మీ అబ్బాయికి దీని బదులు ఇచ్చిన చక్రం ఎక్కడిదంటారు?" అన్నాడు.

ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే ఆ గోడ నిండా వేలాడుతున్న చక్రాలే.

ఇప్పుడు సాయంత్రం అవుతోంది. హేమసుందర్ ఇంకా మైలవరం రోడ్డు మీదే ఉన్నాడు. ఎవరో పగిలిందని తెచ్చిచ్చిన చక్రం మీద. వాళ్ళతో కూడా ఆ రామకోటేశ్వరరావు అనే ఉంటాడు, ఎవరికో ఒకరికి అని. ఆ ఎవరో మేమే. ఫోన్ చేస్తే బండి నడుపుతూ ఎత్తుతాడు. చెయ్యను. చెయ్యకుండా ఉండలేను.

వచ్చాడు. దేవుడా.

జూన్ 21, శనివారం

పొద్దున కారు పక్కన ఆ చక్రాన్ని చూసి వాడు అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. ఆటోనగర్ నుంచి ఎవరో ఫోన్ చేసి అంతా చెప్పారట. "చక్రం మీద ఎక్కి కూర్చుందట మీ అమ్మ అంటూ నవ్వుతున్నారు నన్ను చూసి. ఇంక నాకు అక్కడ బోల్టు కూడా ఎవడైనా అమ్ముతాడా?"

"నవ్వనీ. నవ్వేవాళ్ళు బతికుంటారు."

"సరే, తెచ్చావు. ఏం చేస్తావిప్పుడు? పాత సామాన్లవాడికి వేసెయ్."

"వాడు ఆటోనగర్లోనే అమ్ముతాడు. పగలగొట్టు."

"అమ్మా, ఇది లోహం. నీ కుండ కాదు."

"పగలగొట్టు."

"పగలగొడితే శాంతిస్తావా?"

"శాంతిస్తాను." అబద్ధం. అయినా చెప్పాను.

పక్కసందులో ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర సమ్మెట అడిగి తెచ్చాడు. కోపమంతా చేతుల్లోకి వచ్చింది. మొదటి దెబ్బకి సమ్మెట ఎగిరిపడింది. "చూశావా ఎంత గట్టిగా ఉందో! దీనికా నువ్వు ఇంత యాగీ చేసింది?" అన్నాడు. చివరింటావిడ కూడా వచ్చి నిలబడింది. ఇంకో దెబ్బ. ఇంకోటి. అతుకున్న వైపు తిప్పి కొట్టాడు. ఒక్కటే దెబ్బ. రొట్టె విరిగినట్టు విరిగింది.

విరిగినచోట అంచు చూశాను. పైన సన్నగా, రూపాయి బిళ్ళ మందాన, కొత్త అతుకు మెరుస్తోంది. దాని కింద నల్లగా ఉంది, మసి పట్టినట్టు. ఆ నలుపు లోపలికి, అటువైపు దాకా పాకింది. ఒక మూల మాత్రం తెల్లగా, చక్కెరలాగా ఉంది.

"తెల్లగా ఉన్నది ఇప్పుడు విరిగింది" అన్నాడు హేమసుందర్, మెల్లిగా. "నల్లగా ఉన్నది ముందే విరిగి ఉంది."

నల్లదే ఎక్కువ. తెల్లది నా చిటికెన వేలంత కూడా లేదు. ఆ చిటికెన వేలి మీద నలుగురు టీచరమ్మలు, కడుపులో బిడ్డ, నా కొడుకు మైలవరం పోయొచ్చారు.

దుర్గ వాడి చేతిలోంచి సమ్మెట తీసుకుంది. వాడు అక్కడే గొంతుక్కూర్చుని ఆ నలుపు మీద వేలు పెట్టి, తీసి, వేలు చూసుకున్నాడు. లేచి వెళ్ళి డిక్కీలోంచి జాకీ తెచ్చాడు. రామకోటేశ్వరరావు మార్చి ఇచ్చినదాన్ని ముందు విప్పాడు. ఆ తరవాత మిగిలినవి. విప్పమని నేను చెప్పకుండానే.

జూన్ 23, సోమవారం

ఇనుప చక్రాలు వేయించాడు. కొత్తవే. పెళ్ళి బుకింగు ఒకటి పోయింది. పోనీ. హెప్సిబా చూసి, "పాతవే వేయించేశారా, వెండివి బాగుండేవి కదండీ" అంది. హేమసుందర్ నా వైపు చూశాడు. ఆ అమ్మాయికి ఏమీ చెప్పలేదు మేము. ఈ నెలల్లో భయపెట్టకూడదు.

తీసేసిన నాలుగింటినీ సబ్బు నురగతో చూసింది దుర్గ. రెండింట్లో బుడగలొచ్చాయి, అందులో ఒకటి మార్చి ఇచ్చినదే. నాలుగూ పగలగొట్టించాను.

పోలీసులకి చెప్పాలని వెళ్తే, బిల్లు ఉందా అన్నారు. లేదు. బిల్లు లేనిదానికి మేమేం రాసుకుంటాం మామ్మగారూ, అన్నారు. పగులుకి బిల్లు ఎవడిస్తాడు?

తిరిగొచ్చేటప్పుడు ఆటోని ఆటోనగర్ మీదుగా పోనిమ్మన్నాను. విరిగిన ముక్క ఒకటి సంచిలో ఉంది, బరువుగా. రామకోటేశ్వరరావు షాపు తెరిచే ఉంది. గోడ నిండా చక్రాలు, కొత్త రంగులో, ఎండకి మెరుస్తున్నాయి. ఎవరో భార్యాభర్తలు నిలబడి బేరమాడుతున్నారు. ఆయన నవ్వుతూ ఒకటి దించి చూపిస్తున్నాడు.

ఆటో ఆపమన్నాను.